యుద్ధం ముగిసింది ఏ సంవత్సరంలో? 1939–1949 దశాబ్దపు జమాఖర్చులపై చర్చ

పాతపుటలు (చర్చ ప్రారంభించినవారు)

మిత్రులకు నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగిసిందని ఎవరైనా అడిగితే మనం బడిలో బట్టీ పట్టిన జవాబే చెబుతాం: ఐరోపాలో 1945 మే 8, ఆసియాలో ఆ ఏడాది సెప్టెంబరు 2. తేదీలు సరైనవే. కాని ఆ తరువాత జరిగిన ఒక చిన్న సంగతి నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. యుద్ధం సాగిన ఆరేళ్ళలో ఏనాడూ రొట్టెకు రేషన్ పెట్టని బ్రిటన్, గెలిచిన మరుసటి ఏడాది, అంటే 1946 జులైలో, రొట్టెకు రేషన్ పెట్టి రెండేళ్ళపాటు కొనసాగించింది. మాంసం మీద ఉన్న చివరి ఆంక్ష తొలగేసరికి 1954 జులై వచ్చింది. గెలిచినవాడి వంటిల్లే అలా ఉంటే, ఓడినవాడి ఇంట్లోనూ, ఎవరి తగాదాయో తెలియకుండానే అందులో ఇరుక్కున్న మనవంటివారి ఇళ్ళలోనూ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ దశాబ్దం మాట వస్తే అందరూ పటాలు పరిచి సరిహద్దులు ఎలా మారాయో చూపిస్తారు. నేను చిట్టా పుస్తకం తెరుద్దామంటున్నాను. 1939లో ఎవరు ఎవరికి బాకీ, పదేళ్ళ తరువాత ఎవరు ఎవరికి బాకీ, ఈ మధ్యలో ఎవరి అప్పు మాఫీ అయింది, ఎవరి జమ మురిగిపోయింది అన్నవి వరుసగా చూస్తే, ప్రపంచం ఎలా తలకిందులైందో సరిహద్దుల కంటే బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం. అందుకే ఈ ప్రశ్న: మీ లెక్క ప్రకారం యుద్ధం నిజంగా ముగిసింది ఏ సంవత్సరంలో? కారణం కూడా రాయండి. ఊరికే అంకె వేసి వెళ్ళిపోవద్దు.

లెక్కలమాస్టారు

చిట్టా అన్నారు కనుక ఆగలేకపోతున్నాను. మన దేశపు పద్దు ముందుగా రాస్తాను, ఎందుకంటే దాని గురించి మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యం కూడా చెప్పవు.

1939 నవంబరులో లండన్‌కూ ఢిల్లీకీ మధ్య ఒక ఆర్థిక ఒప్పందం కుదిరింది. శాంతికాలంలో అయ్యే మామూలు సైనిక వ్యయం, భారతదేశ రక్షణ కోసం ప్రత్యేకంగా పెట్టే ఖర్చు మనవి. మన సైన్యాన్నీ మన సరుకునూ దేశం వెలుపల వాడుకుంటే ఆ ఖర్చు బ్రిటన్‌ది. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా చెల్లించిన తీరులో ఉంది. బ్రిటన్ తన వాటాను పౌండ్లలో, అదీ లండన్‌లోనే, రిజర్వు బ్యాంకు ఖాతాకు జమ వేసేది. ఆ పౌండ్ల పత్రాలను పూచీగా పెట్టుకుని రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు అచ్చు వేసేది. ఆ నోట్లతో ఇక్కడి ధాన్యం, గుడ్డ, జనపనార, తోలు, కలప కొనేవారు. సరుకు ఓడెక్కి వెళ్ళింది, నోటు ఊళ్ళో మిగిలింది. 1939లో సుమారు 180 కోట్ల రూపాయల నోట్లు చలామణిలో ఉండగా, యుద్ధం ముగిసేసరికి ఆ మొత్తం ఆరు రెట్లు దాటింది. చేతిలో నోట్లు ఉండి అంగడిలో సరుకు లేకపోతే ధర పెరగక ఏం చేస్తుంది?

యుద్ధానికి ముందు మనమే బ్రిటన్‌కు బాకీ ఉండేవాళ్ళం. ఆ పాత బాకీ దాదాపుగా తీరిపోవడమే కాక, 1945–46 నాటికి బ్రిటనే మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు అప్పు పడింది. వీటినే స్టెర్లింగ్ నిల్వలు అంటారు. 1944 జులైలో బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాలు కూర్చుని కొత్త ద్రవ్యవ్యవస్థకు రూపురేఖలు గీస్తున్నప్పుడు, చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఏ.డి. ష్రాఫ్ ఉన్న మన ప్రతినిధివర్గం ఒక కోరిక గట్టిగా కోరింది: ఈ నిల్వలలో కొంత భాగాన్నైనా అంతర్జాతీయ ద్రవ్యనిధి ద్వారా ఇతర కరెన్సీలలోకి మార్చుకోనివ్వండి అని. అది మాకూ మీకూ మధ్య వ్యవహారం, పరువుగా తీర్చుకుంటామని బ్రిటన్ ప్రతినిధి, ఆర్థికవేత్త కీన్స్ చెప్పడంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నా సంవత్సరం 1957. ఎందుకో తరువాత రాస్తాను, ముందు మిగతావారు చెప్పనివ్వండి.

ఉక్కునగరం

మాస్టారూ, 1957 మరీ దూరం. విశాఖ వాడిగా నా జవాబు 1948, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 1948 మార్చి 14.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ సింధియా కంపెనీ వారి నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ రేవు మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పల్లెలకు కదిలింది. మా నాయనమ్మ రుబ్బురోలును వదిలి పొత్రాన్ని మాత్రం బండిలో వేయించిందని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటారు. రోలు ఏ ఊళ్ళోనైనా ఎరువు దొరుకుతుంది, పొత్రం ఎవరూ ఇవ్వరన్నది ఆవిడ వాదం. ఆ భయమంతా గడిచి, దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చాక, అదే నౌకాకేంద్రంలో తయారైన 8,000 టన్నుల జల ఉషను నెహ్రూ నీటిలోకి వదిలారు. బాంబు పడిన రేవులోనే సొంత ఓడ తేలిన రోజు కంటే యుద్ధం ముగిసిందనడానికి వేరే గుర్తు నాకు అక్కర్లేదు.

తూర్పుపవనం

అందరూ కోలుకున్నవారి కథలే చెబుతారని తెలుసు, అందుకే నేను కోలుకోవడానికి సాయం అందనివారి వైపు నుంచి రాస్తాను. సోవియట్ యూనియన్ ఈ యుద్ధంలో సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని కోల్పోయింది. లెనిన్‌గ్రాడ్ ఒక్క నగరాన్నే 872 రోజులు ముట్టడించారు. విజయం వచ్చిన మరుసటి ఏడాది వర్షాలు లేక, ధాన్యం మీద ప్రభుత్వం పట్టు సడలించక, 1946–47లో మళ్ళీ కరువు వచ్చింది. ఇంత జరిగిన దేశం తూర్పు జర్మనీ నుంచి కర్మాగారాలను విప్పి తీసుకుపోయిందంటే, జంట రైలుమార్గాలలో రెండో పట్టాను ఊడదీసి పట్టుకుపోయిందంటే, అందులో ఆశ్చర్యం ఏముంది? అటు పశ్చిమాన అమెరికా 16 దేశాలకు 1948 నుంచి నాలుగేళ్ళలో మార్షల్ సాయం పేరిట సుమారు 1,300 కోట్ల డాలర్లు పోసి, అందులో అధికభాగం జర్మనీకే ఇచ్చి, నిన్నటి శత్రువును నేటి కాపలాదారుగా మార్చుకుంది.

వార్సా సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. ఊళ్ళో దాదాపు 85 శాతం నేలమట్టమైంది. పాతపట్టణాన్ని తిరిగి కట్టేటప్పుడు, 18వ శతాబ్దంలో బెర్నార్డో బెలొట్టో ఆ వీధులను గీసిన చిత్రాలను ముందు పెట్టుకుని కిటికీల వరుసలు సరిచూసుకున్నారు. ఒక చిత్రకారుడు రెండు వందల ఏళ్ళ ముందు శ్రద్ధగా గీసిన గోడలు, గోడలు లేని కాలంలో తాపీమేస్త్రీకి నమూనా అయ్యాయి. మార్షల్ సాయం అందని కోలుకోవడం అది.

పాతపుటలు

తూర్పుపవనం గారూ, వార్సా గురించి రాసినది చాలా బాగుంది. ఒక్క సవరణ మాత్రం అవసరం. మార్షల్ సాయంలో పెద్ద వాటా జర్మనీకి వెళ్ళలేదు. బ్రిటన్‌కు 300 కోట్ల డాలర్లకు పైగా, ఆ తరువాత ఫ్రాన్స్‌కు ఎక్కువగా అందాయి. పశ్చిమ జర్మనీకి చేరినది సుమారు 140 కోట్లు. అలాగే ఆ సాయం మొదట్లో తూర్పు దేశాలకూ తలుపు తెరిచే ఉంచింది. 1947 జులైలో సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ ఆ సాయంపై జరిగిన పారిస్ సమావేశం నుంచి లేచి వెళ్ళిపోయాడు. చేకొస్లొవేకియా ముందు ఒప్పుకుని, మాస్కో ఒత్తిడితో నాలుగు రోజులలోపే వెనక్కి తగ్గింది. తలుపు తెరిచినవాడికి, ఎవరూ రారన్న నమ్మకం ముందే ఉందా అన్నది వేరే ప్రశ్న.

తూర్పుపవనం

జర్మనీ వాటా విషయంలో పొరపాటు నాదే, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. మీ చివరి వాక్యమే నా అసలు అభిప్రాయం.

బెర్లిన్‌గుమ్మం

పదకొండేళ్ళుగా బెర్లిన్‌లో ఉంటున్నాను కనుక కొంత కళ్ళారా చూసినది చెప్పగలను. ఈ ఊరికి పడమర అడవిలో టాయ్‌ఫెల్స్‌బెర్గ్ అని ఒక కొండ ఉంది. అది ప్రకృతి పెట్టిన కొండ కాదు. కూలిన ఇళ్ళ శిథిలాలను లారీలతో తెచ్చి, నాజీలు సగం కట్టి వదిలేసిన సైనిక విద్యాలయం మీద ఏళ్ళ తరబడి పోస్తే తయారైన గుట్ట. ఆదివారం పిల్లలను తీసుకుని ఎక్కుతూ ఉంటాం. గట్టి వాన కురిసిన మరునాడు బాట పక్క మట్టి కోసుకుపోయి ఇటుక పెంకులు, రంగు గాజు పలకల ముక్కలు బయటపడతాయి. మా అబ్బాయి ఒకసారి నీలిపూల అంచు ఉన్న పళ్ళెం ముక్క ఒకటి ఏరుకొచ్చాడు. ఎవరి వంటింటిదో ఆ పళ్ళెం, ఎనభై ఏళ్ళ కిందట ఏ మధ్యాహ్నం ఎవరికి అన్నం వడ్డించారో అందులో. ఇప్పుడు మా ఇంట్లో కుండీ పక్కన ఉంది.

నా జవాబు కూడా 1948, కాని తేదీ వేరు: జూన్ 20, ఆదివారం. ఆ రోజు పశ్చిమ జర్మనీలో ప్రతి మనిషికి తలా 40 కొత్త మార్కులు ఇచ్చారు. అంతకు ముందు మూడేళ్ళు పాత మార్కుకు విలువ పోయి సిగరెట్టే నాణెంగా చలామణి అయ్యేది; జీతం చేతికి వచ్చినా దానితో కొనడానికి అంగట్లో ఏమీ ఉండేది కాదు. సోమవారం తెల్లవారేసరికి అంగళ్ళ అద్దాల వెనుక వెన్న, చెప్పులు, వంటపాత్రలు ప్రత్యక్షమయ్యాయి. అవి రాత్రికి రాత్రి తయారైనవి కావు. విలువలేని నోటుకు అమ్మడం ఇష్టం లేక వ్యాపారులు దాచి ఉంచినవి. దానితో పాటే అక్కడి ఆర్థిక విభాగపు అధిపతి లుడ్విగ్ ఎర్హార్డ్ అనేక సరుకుల మీద ధరల నియంత్రణ ఎత్తేశాడు. ఇదంతా అద్భుతంగా చెబుతారు, కాని పక్కనే మరొక పద్దు ఉంది: బ్యాంకులో దాచుకున్న 100 పాత మార్కులకు చివరికి చేతికి వచ్చినవి ఆరున్నర కొత్త మార్కులు. ఇల్లు, భూమి, యంత్రం ఉన్నవాడికి ఏమీ పోలేదు, దాచుకున్నవాడు మునిగాడు. ఆ అన్యాయాన్ని కొంతవరకు సరిచేయడానికి 1952లో, ఆస్తి మిగిలినవారి మీద ముప్పై ఏళ్ళపాటు వాయిదాలలో కట్టే పన్ను వేయవలసి వచ్చింది.

ఆ కొత్త మార్కును బెర్లిన్‌లో కూడా ప్రవేశపెట్టడంతో సోవియట్ సైన్యం జూన్ 24న పశ్చిమ బెర్లిన్‌కు చేరే రోడ్లు, రైళ్ళు, కాలువలు మూసేసింది. తరువాతి కథ మీకు తెలిసినదే. అమెరికన్లూ బ్రిటిషర్లూ 2,77,000కు పైగా విమానయాత్రలలో 23 లక్షల టన్నుల సరుకు చేరవేశారు. అందరూ చాక్లెట్లు పంచిన పైలట్ల గురించి చెప్పుకుంటారు గాని, ఆ సరుకులో మూడింట రెండు వంతులు బొగ్గే. అదే నగరం మీద మూడేళ్ళ కిందట బాంబులు వేసిన దేశాల విమానాలే ఇప్పుడు బొగ్గు బస్తాలు దించుతున్నాయంటే, ఆ మూడేళ్ళలో లోకం ఎంత తిరగబడిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

లెక్కలమాస్టారు

బెర్లిన్‌గుమ్మం గారి పోస్టు చదివాక మార్షల్ సాయం గురించి రెండు మాటలు చెప్పాలి. దాన్ని దానమనీ, కుట్ర అనీ రెండు వర్గాలు వాదించుకుంటాయి. అది ఎలా నడిచిందో మాత్రం చాలామంది చూడరు. ఒక ఫ్రెంచి మిల్లు యజమానికి అమెరికా పత్తి కావాలనుకోండి. అమెరికా వ్యాపారికి డాలర్లు అమెరికా ప్రభుత్వమే ఇచ్చేస్తుంది. మిల్లు యజమాని ఆ పత్తి విలువను ఫ్రాంకులలో తన సొంత ప్రభుత్వానికి కడతాడు. ఆ ఫ్రాంకులు ఒక ప్రత్యేక నిధిలో చేరతాయి. అందులో నుంచి ఫ్రాన్స్ విద్యుత్తు, ఉక్కు, రైళ్ళ పునర్నిర్మాణానికి పెట్టుబడి పెట్టింది. బ్రిటన్ మాత్రం ఎక్కువగా తన అప్పు తగ్గించుకోవడానికి వాడుకుంది. జర్మనీలో అదే సొమ్ముతో 1948లో స్థాపించిన అభివృద్ధి బ్యాంకు ఈనాటికీ అప్పులు ఇస్తోంది. ఒకే డాలరు రెండుసార్లు పని చేసింది.

ఆ సాయం లేకపోతే ఐరోపా కుప్పకూలేదా అంటే, నాకు అంత నమ్మకం లేదు. 1947 నాటికే చాలా దేశాలలో ఉత్పత్తి తిరిగి పుంజుకుంటోంది. సాయం ఆ దేశాల జాతీయాదాయంలో ఏడాదికి మూడు శాతం కూడా లేదు. వారికి కొరతగా ఉన్నది కర్మాగారాలు కాదు, డాలర్లు. యంత్రం తిరగడానికి కావలసిన పత్తి, గోధుమ, బొగ్గు అమెరికా దగ్గరే ఉన్నాయి, వాటికి డాలర్లే ఇవ్వాలి. గొంతులో అడ్డుపడిన ముద్దకు గుక్కెడు నీళ్ళు ఎంత ముఖ్యమో ఆ మూడు శాతం అంత ముఖ్యం.

ఇప్పుడు మన వైపు చూడండి. మన దగ్గర నీళ్ళు ఉన్నాయి, కాని లండన్‌లో తాళం వేసిన గదిలో. 1947 ఆగస్టు 14న, అంటే స్వాతంత్ర్యానికి ముందురోజున, కుదిరిన ఒప్పందంలో మన నిల్వలను రెండు ఖాతాలుగా చీల్చి, మొదటి దానిలో ఉంచిన 6.5 కోట్ల పౌండ్లు మాత్రమే వాడుకోనిచ్చారు. 1948లో, బ్రిటిష్ సైన్యం ఇక్కడ వదిలివెళ్ళిన సామగ్రికి 10 కోట్ల పౌండ్లు కోసుకున్నారు. ఇక్కడ పనిచేసి వెళ్ళిన తెల్ల అధికారుల పింఛన్లకూ ఆ సొమ్ములో నుంచే విడదీశారు. 1949 సెప్టెంబరులో పౌండు విలువ 4.03 డాలర్ల నుంచి 2.80కు తగ్గించినప్పుడు, మన జమలో డాలరు లెక్కన మూడో వంతుకు కాస్త తక్కువ ఒక్క వారాంతంలో ఆవిరైంది. అప్పు తీసుకున్నవాడే కొలపాత్రను చిన్నది చేసుకున్నట్లు.

ఉక్కునగరం

మాస్టారూ, సూటిగా అడుగుతున్నాను: బ్రిటన్ మనకు ఎగ్గొట్టినట్టా, కాదా? ఇతర చోట్ల ఎగ్గొట్టిందనే రాస్తున్నారు.

లెక్కలమాస్టారు

ఎగ్గొట్టలేదు. చర్చిల్ మనుషులు కొందరు, రక్షించినందుకు ఎదురు బిల్లు వేయాలన్నారు, అది జరగలేదు. విడతలవారీగా ఇచ్చారు. ఆలస్యంగా, తరిగిన పౌండ్లలో, ఎక్కువగా వారి దగ్గరే సరుకు కొనేలా ఇచ్చారు. నిజాయితీగా చెప్పాలంటే బ్రిటన్ చేతిలో కూడా డాలర్లు లేవు. 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. ఆ అప్పు షరతు ప్రకారం 1947 జులై 15న పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనిస్తే అయిదు వారాలలోనే డాలర్లు ఖాళీ అయి, ఆగస్టు 20న మళ్ళీ తలుపు మూసుకుంది. మనకు స్వాతంత్ర్యం ఆ అయిదు వారాల మధ్యలో వచ్చిందన్నది గమనించండి. ఆ అప్పు చివరి వాయిదా బ్రిటన్ కట్టింది 2006 డిసెంబరులో. మన నిల్వలు రెండో పంచవర్ష ప్రణాళిక యంత్రాలకు ఖర్చయి అడుగంటినది 1957 ప్రాంతంలో. మరుసటి ఏడాదే సాయం చేసే దేశాల సమావేశం ముందు మనం చేయి చాచి నిలబడ్డాం. అందుకే నా సంవత్సరం 1957. యుద్ధంలో మనం అప్పిచ్చినవాళ్ళమన్న సంగతి ఆనాటితో అందరూ మరిచిపోయారు.

నిర్వాహకులు

హైదరాబాదు పోలీసు చర్య గురించి, దేశ విభజన గురించి వచ్చిన మూడు పోస్టులను వాటికి సంబంధించిన చర్చలకు మార్చాము. ఇక్కడ యుద్ధపు జమాఖర్చుల గురించే రాయవలసిందిగా మనవి.

సిరాచుక్క

మాస్టారి లెక్కలో ఒక ఖర్చు పద్దు పడలేదు. ఆ నోట్ల వరద బెంగాల్‌లో ఏం చేసిందో రాయకుండా స్టెర్లింగ్ నిల్వల గురించి మాట్లాడటం, కూలీ చనిపోయిన సంగతి చెప్పకుండా గుత్తేదారు బిల్లు గురించి మాట్లాడటమే. 1942లో బర్మా జపాన్ చేతిలో పడగానే అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరకకూడదని తీరప్రాంతంలో ధాన్యాన్నీ వేలాది నాటుపడవలనూ ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. అక్టోబరులో మిడ్నపూర్ మీద తుపాను విరుచుకుపడింది. వీటన్నిటి మీదా సైన్యం కోసం, కలకత్తా కర్మాగారాల కోసం ఎంత ధరకైనా కొనడానికి సిద్ధంగా ఉన్న కొత్త నోట్లు. రోజుకూలీ పెరగని పల్లె మనిషి ఆ పోటీలో ఓడిపోయాడు. 1943లో, ఆ వెంటనే వచ్చిన రోగాలలో, 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ బ్యాంకు ఖాతాలో జమ అయిన ప్రతి పౌండు వెనుక ఇక్కడ ఎవరో ఒకరు తినకుండా ఉన్న పూట ఉంది.

మన భాషలో కూడా ఆ దశాబ్దం మిగిలింది. రేషన్ బియ్యాన్ని మా పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ కంట్రోలు బియ్యమంటారు, దుకాణాన్ని కంట్రోలు షాపంటారు. ఆ మాట యుద్ధకాలపు నియంత్రణ ఉత్తర్వులతో వచ్చినదే. 1947 చివర గాంధీజీ పట్టుబట్టగా ఆ కంట్రోళ్ళు ఎత్తేశారు; ధరలు ఎగబాకడంతో 1948లో మళ్ళీ పెట్టారు. యుద్ధం పోయింది, తెల్లవాడు పోయాడు, కంట్రోలు మాత్రం ఉండిపోయింది. మా ఇంట్లో మా అమ్మమ్మ మొలతాడుకు కట్టే చిల్లు కాణీ ఒకటి ఉంది, 1943 తరువాతి ముద్ర. రాగి ఆదా చేయడానికి నడుమ గుండ్రంగా కోసేసిన కాణీ. ఆ కోసిన రాగి ఏ తూటా తొడుగులో చేరిందో తెలియదు గాని, మిగిలిన వలయం మూడు తరాల చంటిపిల్లల నడుములకు పనికొచ్చింది.

మందులచీటీ

అన్నీ నష్టపు పద్దులే రాస్తున్నారు కనుక జమ వైపు ఒకటి వేస్తాను. ప్రయోగశాలలో పిసరంత తయారయ్యే పెనిసిలిన్‌ను అమెరికా కర్మాగారాలు పెద్ద తొట్లలో పులియబెట్టి, 1944 జూన్‌లో నార్మండీ తీరాన దిగిన సైన్యానికి సరిపడా తయారు చేశాయి. ఈ దారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యుద్ధకాలంలో న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు బోదకాలు పురుగు పట్టుకోవడంతో ఆ జబ్బుకు మందు వెతకడం అవసరమైంది. 1947లో ఆయన బృందం డైఇథైల్‌కార్బమజీన్‌ను తెచ్చింది. మన గోదావరి, విశాఖ జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు బోదకాలు నివారణకు ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర అదే. 1948లో ఆయన నాయకత్వంలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. సిపాయి కాలి వాపు కోసం వెతికిన మందు, భీమవరం చుట్టుపక్కల పల్లెలకే తిరిగి చేరింది.

కాగితపుకొంగ

జపాన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. 1946 ఏప్రిల్ 10న అక్కడి స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు, 39 మంది స్త్రీలు గెలిచారు. భూసంస్కరణలో కౌలురైతులు భూమి యజమానులయ్యారు. మన దగ్గర ఎన్నో చట్టాలు చేసీ ఈ పని సగంలో వదిలేశామన్నది నాకు ఎప్పుడూ ఉండే బాధ. 1949లో డాలరుకు 360 యెన్‌లని రేటు నిలబెట్టి ఖర్చులు బిగించేసరికి ఉద్యోగాలు ఊడాయి, వ్యాపారాలు మూతపడ్డాయి. వారిని ఒడ్డున పడేసింది మళ్ళీ ఒక యుద్ధమే: 1950 జూన్‌లో కొరియాలో మొదలైన దానికి అమెరికా సైన్యం పెట్టిన ఆర్డర్లు.

ఒక పిట్టకథ. 1943లో బాంబుదాడులలో తప్పించుకుంటాయేమోనన్న భయంతో టోక్యో యుఎనో జంతుప్రదర్శనశాలలోని ఏనుగులను తిండి పెట్టకుండా చంపేశారు. యుద్ధం తరువాత అక్కడి పిల్లలు ఏనుగు కావాలని మన ప్రధానికి ఉత్తరాలు రాస్తే, 1949లో నెహ్రూ ఇందిర అని పేరు పెట్టి ఒక ఏనుగును ఓడలో పంపారు. చెప్పుకోదగిన డాలర్లు లేని దేశం పంపగలిగిన పునర్నిర్మాణ సాయం అది.

తూర్పుపవనం

కాగితపుకొంగ గారి ఆసియా మాట మీద ఒకటి కలుపుతాను. నెదర్లాండ్స్ ఒక చేత్తో మార్షల్ సాయం అందుకుంటూ మరో చేత్తో ఇండొనేషియాను తిరిగి లొంగదీయడానికి యుద్ధం చేసింది. 1944–45 చలికాలంలో తులిప్ దుంపలు ఉడికించుకు తిన్న ప్రజల ప్రభుత్వమే, నాలుగేళ్ళు తిరగకుండా జావా మీదికి సైన్యాన్ని పంపింది. 1948 డిసెంబరులో అమెరికా ఆ వలసకు కేటాయించిన సాయాన్ని ఆపింది. మరుసటి డిసెంబరు 27న డచ్చివారు ఇండొనేషియా స్వాతంత్ర్యాన్ని గుర్తించక తప్పలేదు. ఆకలి తెలిసినవాడికి ఎదుటివాడి స్వేచ్ఛ కూడా తెలుస్తుందనుకోవడం మన అమాయకత్వం.

రంగంమనవడు

చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను, ఇప్పుడే సభ్యుడినయ్యాను. మా వైపు రంగూన్‌ను రంగం అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి వేలమంది రంగం వెళ్ళి రేవులో బస్తాలు మోసేవారు, బియ్యపు మిల్లులలో పనిచేసేవారు. కోరంగి రేవు నుంచి వెళ్ళినందువల్ల బర్మాలో మనవాళ్ళకు కోరంగీలని పేరు పడింది. మా ముత్తాత అలా వెళ్ళినవాడే. 1941 డిసెంబరు 23న రంగం మీద మొదటి బాంబులు పడ్డాయి. మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఓడలో చోటు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా కొందరు, సరిహద్దు ఊరు తమూ నుంచి మణిపూర్ మీదుగా కొందరు నడిచారు. అలా నాలుగైదు లక్షల మంది భారతీయులు కదిలారని, దారిలో వేలమంది కలరాతో, ఆకలితో రాలిపోయారని తరువాత చదివాను. మా ముత్తాత మణిపూర్ దారిన వచ్చాడు. ఆయన తమ్ముడు రాలేదు.

మీరు పౌండ్లు, డాలర్ల గురించి రాస్తున్నారు కనుక మా ఇంటి చిట్టా కూడా ఒకటి చెబుతాను. రంగంలో కూడబెట్టిన 180 రూపాయలు ఆయన అక్కడి ఒక వడ్డీ వ్యాపారి దగ్గర దాచాడు. ఆ చీటీ మడతపెట్టి నడుముకు కట్టుకుని ఆ కొండలన్నీ దాటాడు. ఊరు చేరాక పెట్టెలో పెట్టాడు. ఏడాదికోసారి సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు తీసి చూసి మళ్ళీ పెట్టేవాడని మా నాన్న చెప్పేవాడు.

పాతపుటలు

స్వాగతం. ఇంత మంది రాసిన చర్చలో మీ పోస్టు కోసమే ఈ ప్రశ్న అడిగానేమో అనిపిస్తోంది. ఆ చీటీ ఇంకా మీ దగ్గర ఉందా? ఏ భాషలో ఉంది? ఆ వ్యాపారి ఏమయ్యాడో ఇంట్లో ఎవరికైనా తెలుసా? అలాగే, మీ ముత్తాత లెక్కలో యుద్ధం ఏ సంవత్సరంలో ముగిసిందనుకుంటారు?

రంగంమనవడు

ఉంది, తెలుగులోనే ఉంది. మడతల దగ్గర చిరిగితే మా పెద్దమ్మ వెనుక గుడ్డపేలిక అంటించింది. పైన తేదీ, కింద వేలిముద్ర, నడుమ రెండు వరుసలు: సొమ్ము ముట్టినట్టు, సంక్రాంతికి లెక్క చూసి ఇస్తానన్నట్టు. ఆ వ్యాపారి కూడా అదే దారిన నడిచి వచ్చాడట. తమూ దగ్గర చూసినవాళ్ళున్నారు, ఆ తరువాత చూసినవాళ్ళు లేరు. మా ముత్తాత 1961లో పోయాడు. ఆ ఏడాది సంక్రాంతికి కూడా చీటీ తీసి చూశాడట.